ఫోన్‌లో ధ్యానం.. మన పిల్లల భాషలో ఉందా?

పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే మన పిల్లలకు నిద్ర తగ్గుతుంది. కడుపులో తిప్పుతుంది. చదివింది గుర్తుండటం లేదన్న బెంగ పట్టుకుంటుంది. ఇలాంటప్పుడు ఈమధ్య తరచూ వినిపించే సలహా ఒకటుంది: 'ఫోన్‌లో ధ్యానం యాప్ వేసుకో.' సలహా మంచిదే. బళ్లారి జిల్లాలో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు అది ఎంతవరకు అక్కరకొస్తుందో మాత్రం మనం ఆలోచించాలి.

బౌద్ధ ధ్యానం నుంచి తీసుకుని 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ ఒత్తిడి తగ్గించే శిక్షణ మొదలుపెట్టారు. వచ్చే పోయే ఊపిరి మీద ధ్యాస నిలపడం, మనసు పక్కకు పోతే విసుక్కోకుండా మళ్లీ తెచ్చుకోవడం.. సాధనలో ముఖ్యమైనది ఇదే. హెడ్‌స్పేస్, కామ్ వంటి యాప్‌లు దీన్ని ఫోన్‌లోకి తెచ్చాయి. కానీ పేరున్న యాప్‌లు ప్రధానంగా ఇంగ్లీషులోనే మాట్లాడతాయి. చాలా పాఠాలకు డబ్బు కట్టాలి. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. మూడో భాషలో వినే మాటకు అర్థం వెతుక్కుంటూ కూర్చుంటే మనసు కుదుటపడేదెప్పుడు?

ఇంకో సంగతి. బ్రిటన్‌లో 8 వేల మందికి పైగా బడి పిల్లలపై జరిగిన పెద్ద పరిశీలన ఫలితాలు 2022లో వచ్చాయి. తరగతిలో ధ్యాస పాఠాలు చెప్పినా, మామూలు బోధనకంటే అదనపు మేలు కనిపించలేదు. చాలామంది పిల్లలు ఇంట్లో సాధన చేయనేలేదు. అందుకని ఈ సాధన పనికిరాదని కాదు. యాప్ వేసుకున్నంత మాత్రాన, పాఠం విన్నంత మాత్రాన పని అయిపోదని అర్థం.

ఈ విషయంలో బళ్లారికి సొంత చరిత్ర ఉంది. 1980లలో బెంగళూరులోని నిమ్‌హాన్స్ మన జిల్లాలోనే ఒక ప్రయోగం చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మానసిక వైద్యాన్ని పల్లెలకు తెచ్చింది. 'బళ్లారి నమూనా'గా పేరొందిన ఆ పద్ధతి ఆధారంగానే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మనిషి దగ్గరికి, అతనికి తెలిసిన మనుషుల ద్వారా సాయం చేరాలన్నది దాని సారం. ఫోన్‌కూ ఇదే కొలత పెట్టాలి.

ఆ కొలతకు సరిపోయేది టెలి మానస్. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. రాత్రీపగలూ ఉచితం. తెలుగులోనూ, కన్నడంలోనూ మాట్లాడవచ్చు. బటన్ ఫోన్ ఉన్నా చాలు. 2024లో దీని యాప్ కూడా వచ్చింది.

బడిలో మనం చేయగలిగింది కూడా ఉంది. మొదటి పీరియడ్‌కు ముందు 3 నిమిషాలు పిల్లలను నిటారుగా కూర్చోబెట్టి, ఊపిరిని గమనించమని టీచరే తెలుగులో చెప్పవచ్చు. ఆ మాటలే రికార్డు చేసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడితే ఇంట్లోనూ పనికొస్తాయి. కళ్లు మూసుకోవడానికి ఇబ్బందిపడే పిల్లలను బలవంతపెట్టకూడదు.

యాప్ వాడదలిస్తే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. నోటిఫికేషన్లు ఆపేయాలి. పేరు, వయసు, మనసులో మాట అడిగే యాప్ ఆ వివరాలను ఏం చేస్తుందో చూడాలి. 18 ఏళ్లలోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది.

పిల్లవాడు రోజుల తరబడి తినకున్నా, నిద్రపోకున్నా, బతకాలని లేదన్నా ధ్యానంతో సరిపెట్టకండి. వెంటనే డాక్టరుకు చూపించండి, 14416కు ఫోన్ చేయండి. ఆ నంబరును ప్రతి తెలుగు బడి నోటీసు బోర్డు మీద తెలుగు అక్షరాల్లో రాసిపెడదాం.