మీట నొక్కితే షెల్‌కు చేరేది ఏమిటి?

కంప్యూటరు ప్రయోగశాలలో విద్యార్థుల నోట తరచుగా వినవచ్చే మాట "ఈ మీట పనిచేయడం లేదు" అన్నది. నిజానికి మీట చెడిపోవడం అరుదు. మీట నొక్కిన చోటికి, ఆజ్ఞ నెరవేరే చోటికి నడుమనున్న దారి తెలియకపోవడమే చాలావరకు ఈ చిక్కుకు మూలం. ఆ దారిని తెలుసుకొనే సులభ పద్ధతిని వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

మనం ఆజ్ఞలు టైపు చేసే తెర టెర్మినల్. వాటిని చదివి నెరవేర్చేది షెల్. లినక్స్‌లో విరివిగా వాడుకలోనున్న షెల్ బ్యాష్. అది 1989లో వెలువడినది. మనం ఏ మీట నొక్కినామో షెల్‌కు తెలియదు. టెర్మినల్ పంపిన సంఖ్యలు మాత్రమే దానికి అందుతాయి. ఉత్తరం వ్రాసినవారి ముఖం చూడక, అక్షరాలను మాత్రమే చదివే గుమాస్తా వంటిది షెల్.

ఈ సంఖ్యలకు పునాది 1963లో రూపొందిన ఆస్కీ సంకేతావళి. అందులో 'ఏ' అనే పెద్ద ఆంగ్లాక్షరానికి సంఖ్య 65. కంట్రోల్ మీటతో కలిపి నొక్కినప్పుడు 64 తొలగిపోయి 1 మాత్రమే వెళుతుంది. ఇదే లెక్కన కంట్రోల్‌తో 'ఐ' నొక్కితే 9 వెళుతుంది. టాబ్ మీట పంపేది కూడ 9 కావున, సాధారణంగా ఈ రెంటికీ గల భేదం షెల్‌కు తెలియదు.

బాణపు మీటలకు ఆస్కీలో స్థానం లేదు. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వెలువరించిన విటి100 టెర్మినల్ వీటికై 27 అనే ఎస్కేప్ సంకేతాన్ని, దాని వెంట కొన్ని అక్షరాలను పంపేది. నేటి టెర్మినళ్ళు ఆ బాటలోనే నడుస్తున్నా, అన్నీ ఒక్క తీరున లేవు. కంట్రోల్‌తో కుడి బాణం నొక్కితే ఎక్స్‌టెర్మ్ వరుసగా ఎస్కేప్, ఎడమ చదరపు బ్రాకెట్, 1, సెమికోలన్, 5, పెద్ద 'సి' పంపుతుంది. ఆర్‌ఎక్స్‌విటి ఎస్కేప్, పెద్ద 'ఓ', చిన్న 'సి' పంపుతుంది. అందుచేత మిత్రుని యంత్రంలో చక్కగా నడచిన అమరికను నకలు చేసుకొన్నా, మన వద్ద అది నిష్ఫలం కావచ్చును.

పరీక్షించే విధానం ఇది. టెర్మినల్‌లో 'క్యాట్' అనే ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ నొక్కవలెను. పిదప సందేహమున్న మీటను నొక్కవలెను. తెరపై మొదట ^[ గుర్తు కనిపించినచో అది ఎస్కేప్; తక్కినవి దాని వెంట వచ్చిన అక్షరాలు. కంట్రోల్ 'సి'తో బయటికి రావచ్చును. బ్యాష్‌లో కంట్రోల్ 'వి' నొక్కి, వెంటనే ఆ మీటను నొక్కినా సంకేతం కనిపిస్తుంది.

ఏమీ కనిపించనిచో ఆ మీటను కిటికీ నడిపే కార్యక్రమమే తనకై ఉంచుకొన్నదని అనుమానించవలెను. అప్పుడు షెల్‌ను సవరించి ప్రయోజనం లేదు. సంకేతం కనిపించినా పని జరగనిచో, షెల్ దానికి అర్థం ఎరుగదన్నమాట. అప్పుడు బ్యాష్ వాడేవారు తమ ఇన్‌పుట్‌ఆర్‌సి ఫైలులో ఆ సంకేతాన్ని, కోరిన పనిని జతచేస్తూ ఒక పంక్తి వ్రాసుకొంటే చాలును.

కంట్రోల్ 'ఎస్' సంగతి వేరు. సాధారణ అమరికలో అది షెల్‌ను చేరకముందే తెరపై వ్రాతను ఆపివేస్తుంది. యంత్రం స్తంభించినదని భయపడి కిటికీ మూసివేసి, చేసిన పనిని పోగొట్టుకొనరాదు. కంట్రోల్ 'క్యూ' నొక్కినచో తెర తిరిగి కదులుతుంది.

మన భాషలకూ ఇదే న్యాయం. యుటిఎఫ్-8 పద్ధతిలో తెలుగు 'అ'కారం 224, 176, 133 అనే మూడు సంఖ్యలుగాను, ఉర్దూ అలిఫ్ 216, 167 అనే రెండు సంఖ్యలుగాను ప్రయాణం చేస్తాయి.

ఊహించి పది అమరికలు మార్చడం కంటె, ఒక్కసారి పరీక్షించి ఒక్కటి మార్చడం మేలు. దోషం ఎక్కడనున్నదో తెలిసిన తరువాతనే దిద్దుబాటుకు పూనుకొనడం విద్యార్థికి శోభనిచ్చే అలవాటు.