బోదకాలు వ్యాధిలో ఇంటర్‌ల్యూకిన్-10 పాత్ర

తాడేపల్లిగూడెంలో ఆదివారం కౌన్సెలింగ్ తరగతులకు వెళ్లే రోజుల్లో ఒక విద్యార్థిని నన్నడిగిన ప్రశ్నతో ఈ పాఠం మొదలుపెడతాను. "మా తాతయ్యకు ఇరవై ఏళ్లుగా బోదకాలండీ. మొన్న రాత్రి ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి ఇంట్లో అందరి రక్తం తీసుకెళ్లారు. తాతయ్య రక్తంలో పురుగు లేదన్నారు. ఏ జబ్బూ లేని మా మామయ్య రక్తంలో ఉందన్నారు. రిపోర్టులు తారుమారయ్యాయంటారా?"

రిపోర్టులు తారుమారు కాలేదు. బోదకాలు ఉన్న ప్రాంతాల్లో ఇలాంటి ఫలితాలు తరచుగా వస్తాయి. కాలు వాచినవారి రక్తంలో పురుగు పిల్లలు సాధారణంగా కనిపించవు. నిక్షేపంగా తిరిగేవారి రక్తంలో వేల సంఖ్యలో ఉండవచ్చు. ఇది ఎలా సాధ్యం? గత భాగంలో మీరు చదివిన సైటోకైన్లలో ఒకటైన ఇంటర్‌ల్యూకిన్-10 (ఇకపై ఐఎల్-10) తెలిస్తేగాని ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

ముందుగా పరాన్నజీవి సంగతి క్లుప్తంగా చూద్దాం. మన దేశంలో బోదకాలుకు ప్రధాన కారణం ఉకరేరియా బాంక్రాఫ్టి అనే దారంలాంటి పురుగు. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది. పెరిగిన పురుగులు శోషరస నాళాల్లో కాపురముంటాయి, కొన్నేళ్లపాటు బతుకుతాయి. అవి కనే సూక్ష్మమైన పిల్లలే మైక్రోఫైలేరియాలు. ఇవి పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రి పది తర్వాత పైకి వచ్చి రక్తంలో తిరుగుతాయి. రక్తపరీక్షకు సిబ్బంది అర్ధరాత్రి తలుపు తట్టేది అందుకే. వీటిని మోసే క్యూలెక్స్ దోమ కూడా రాత్రే కుడుతుంది. కొల్లేరు నీళ్లలో దిగితే బోదకాలు వస్తుందని నమ్మేవారు నాకు చాలామంది తారసపడ్డారు. ఈ దోమకు కొల్లేరు కంటే ఏలూరు మురుగు కాలువ, పెరట్లో మూతలేని సెప్టిక్ ట్యాంకు ఎక్కువ ఇష్టం. చేపలు తిరిగే శుభ్రమైన నీటిలో దాని పిల్లలకు బతుకు కష్టం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పది సెంటీమీటర్ల పరాయి జీవి ఒంట్లో ఏళ్లతరబడి ఉంటే రోగనిరోధక వ్యవస్థ ఎందుకు ఊరుకుంటుంది? చేతిలో ముల్లు విరిగితేనే మర్నాటికి ఎర్రగా వాచి చీము పడుతుంది కదా!

1989లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, డీఎన్ఏఎక్స్ పరిశోధనా సంస్థలో టిమ్ మాస్మన్ బృందం ఎలుకల టి-సహాయక కణాలపై పనిచేస్తోంది. ఈ కణాల్లో రెండు రకాలున్నాయని మాస్మన్ బృందం అంతకు మూడేళ్ల ముందే చూపింది. ఒకటో రకం గామా ఇంటర్‌ఫెరాన్‌ను విడుదల చేసి భక్షక కణాలను ఉసిగొల్పుతుంది. రెండో రకం ప్రతిరక్షకాల తయారీకి తోడ్పడుతుంది. రెండో రకం కణాలు విడుదల చేసే ఏదో పదార్థం ఒకటో రకం కణాల సైటోకైన్లను ఆపేస్తోందని 1989లో వారు గమనించారు. మొదట దానికి "సైటోకైన్ల తయారీని నిరోధించే కారకం" అని పేరు పెట్టారు. అదే తర్వాత ఐఎల్-10 అయింది. పాత పేరు పొడవైనదే కాని, పని ఏమిటో పేరులోనే ఉండేది. పరీక్షలో ఐఎల్-10 పని గుర్తురాకపోతే ఆ పేరు తలచుకోండి.

మనిషిలో ఐఎల్-10 జన్యువు ఒకటో క్రోమోసోముపై ఉంటుంది. 160 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు జతకడితే ఒక ఐఎల్-10 అణువు ఏర్పడుతుంది. రెండో రకం టి-కణాలే కాక నియంత్రక టి-కణాలు, బి-కణాలు, స్థూలభక్షక కణాలు కూడా దీన్ని తయారుచేస్తాయి. ఇది కణం పైనున్న గ్రాహకానికి అతుక్కోగానే లోపల జాక్-1, టైక్-2 అనే ఎంజైములు మేల్కొంటాయి. అవి స్టాట్-3 అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేటును తగిలిస్తాయి. స్టాట్-3 కేంద్రకంలోకి వెళ్లి ఏ జన్యువులు పనిచేయాలో నిర్దేశిస్తుంది. దాంతో స్థూలభక్షక కణం ట్యూమర్ నెక్రోసిస్ కారకం, ఐఎల్-1, ఐఎల్-6, ఐఎల్-12లను తగ్గించుకుంటుంది. ప్రతిజనకాన్ని టి-కణానికి చూపించే అణువులను కూడా తన పైపొర మీద తగ్గిస్తుంది. శత్రువు దొరికినా దండోరా వేయడం మానేస్తుందన్నమాట.

ఇది లోపమని తొందరపడి అనుకోవద్దు. గోదావరి కాలువల మీద లాకులు చూసే ఉంటారు. చేలకు చాలినంత నీరు పారాక షట్టరు దించకపోతే ఊరు మునుగుతుంది. రోగనిరోధక వ్యవస్థకు ఆ షట్టరు ఐఎల్-10. ఈ జన్యువు తొలగించిన ఎలుకలకు పేగుపూత వస్తుందని 1993లో తేలింది. సొంత పేగులోని మామూలు బాక్టీరియాపైనే వాటి కణాలు యుద్ధానికి దిగుతాయి. మనుషుల్లో ఐఎల్-10 గ్రాహకం జన్యువు దెబ్బతిన్న పసిపిల్లలకు కూడా ఇటువంటి తీవ్రమైన పేగు జబ్బే వస్తుందని 2009లో కనుగొన్నారు.

బోదకాలు పురుగు చేసేది ఈ షట్టరును ఎత్తనీయకపోవడమే. చెన్నైలోని క్షయ పరిశోధనా కేంద్రం, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన శాస్త్రవేత్తలు 1990లలో కలిసి చేసిన పరిశోధనలు ఇక్కడ ముఖ్యమైనవి. మైక్రోఫైలేరియాలు ఉండి, లక్షణాలు లేనివారి తెల్లరక్తకణాలను పరీక్షనాళికలో పురుగు ప్రతిజనకంతో కలిపారు. కణాలు పెద్దగా విభజన చెందలేదు, గామా ఇంటర్‌ఫెరాన్ అంతంతమాత్రం, ఐఎల్-10 మాత్రం ఎక్కువ. ఐఎల్-10ను అడ్డుకునే ప్రతిరక్షకం కలిపితే ఆ కణాలు కొంతమేరకు తిరిగి స్పందించాయి. "కొంతమేరకు" అన్న మాట విడిచిపెట్టకండి. పురుగు వాడే ఉపాయం ఐఎల్-10 ఒక్కటే కాదు. కాని అది ప్రధానమైన వాటిలో ఒకటి.

ఇంకో సంగతి. ఐఎల్-10 ప్రభావంతో బి-కణాలు ఐజీజీ-4 అనే ప్రతిరక్షకం వైపు మొగ్గుతాయి. ఇది పురుగు ప్రతిజనకానికి అతుక్కుంటుంది గాని గొడవ రేపదు. పైగా గొడవ రేపగల ఐజీఈకి చోటు లేకుండా చేస్తుంది. మామయ్యలాంటివారి రక్తంలో ఐజీజీ-4 చాలా ఎక్కువ.

మరి తాతయ్య కాలు? అక్కడ కథ తిరగబడింది. ఆయన కణాలు పురుగును చూసి ఊరుకోలేదు. ఒకటో రకం స్పందన బలంగా వచ్చింది, ఐఎల్-10 తక్కువ. మైక్రోఫైలేరియాలు రక్తంలోంచి తొలగిపోయాయి. పెరిగిన పురుగులు చచ్చినప్పుడు వాటి ఒంట్లో ఉండే వోల్బాకియా అనే బాక్టీరియా బయటపడి మంటను ఇంకా పెంచింది. గజ్జల్లో బిళ్ల కట్టడం, చలిజ్వరం, కాలు ఎర్రబడటం పదేపదే జరిగాయి. శోషరస నాళాలు సాగి, కవాటాలు పాడై, ద్రవం కిందనే నిలిచిపోయింది. వేళ్ల సందుల్లో ఒరిసిన చోటునుంచి మామూలు బాక్టీరియా చొరబడిన ప్రతిసారీ వాపు ఇంకొంత పెరిగింది. అందుకే ఈ దశలో పురుగుమందు కంటే సబ్బుతో రోజూ కాలు కడిగి, పొడిగా తుడిచి, ఎత్తుమీద పెట్టుకోవడం వల్లే మేలు ఎక్కువ. కాలిని పురుగు తిన్నదని అంటుంటారు. నిజానికి ఆ నష్టంలో చాలా భాగం మన సొంత సైటోకైన్లు చేసినదే.

అతి స్పందన ఊపిరితిత్తుల్లో వస్తే ఇంకో జబ్బు. 1940లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో ఫ్రిమొట్-మొల్లర్, బార్టన్ అనే వైద్యులు క్షయలా కనిపించే, కాని క్షయ కాని ఒక దగ్గుజబ్బును వర్ణించారు. రోగుల రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు విపరీతంగా ఉన్నాయి. దానికి మూలం మైక్రోఫైలేరియాలపై శరీరం చూపే మితిమీరిన స్పందన అని తర్వాత తెలిసింది. ఇక్కడ ముందుండేది ఇయోసినోఫిల్‌లను పెంచే ఐఎల్-5. ఒకే పురుగు ఒకరిలో మౌనం, ఒకరిలో వాపు, ఒకరిలో దగ్గు తెస్తోంది. తేడా చాలావరకు సైటోకైన్ల పాళ్లలో ఉంది.

ఈ జబ్బుకు మందు మన పక్క ఊరివాడి చేతిమీదుగా రావడం విశేషం. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలో, 1947లో, డైఈథైల్‌కార్బమజైన్ వెలువడింది. హెట్రజాన్ అన్నది దాని వ్యాపారనామం. మనం డీఈసీ అంటాం. ఈ మందును గాజునాళికలో మైక్రోఫైలేరియాలపై పోస్తే వాటికి పెద్దగా ఏమీ కాదు. మనిషి రక్తంలో మాత్రం కొద్ది గంటల్లోనే వాటి సంఖ్య పడిపోతుంది. అంటే మందు ఒంటరిగా చంపడం లేదు. నిద్రపోతున్న భక్షక కణాలు, రక్తఫలకికలు పురుగును గుర్తించేలా చేస్తోంది.

మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఎందుకు వస్తాయో ఇప్పుడు మీరే చెప్పగలరు. చచ్చే మైక్రోఫైలేరియాల ప్రతిజనకాలు, వోల్బాకియా ముక్కలు ఒక్కసారిగా బయటపడి ఐఎల్-6 వంటివి రక్తంలో పెరుగుతాయి. రక్తంలో పురుగు పిల్లలు ఎంత ఎక్కువ ఉంటే జ్వరం అంత ఎక్కువ. పురుగు లేనివారికి సాధారణంగా ఏమీ కాదు. ఏటా సామూహికంగా డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు పంచినప్పుడు "పక్కింటాయనకు జ్వరం వచ్చింది, మాకొద్దు" అని జనం వాటిని చూరులో దోపేస్తారు. పక్కింటాయనకు జ్వరం వచ్చిందంటే ఆ వీధి దోమలు ఆయన రక్తం తాగుతున్నాయన్న సంగతి గుర్తించాలి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారు తప్ప మిగతావారంతా ఆ మాత్రలు మింగాలి, అదీ పంచినవారి ఎదుటే, భోజనం చేశాక.

ఆ విద్యార్థినికి ఇదంతా నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాను. మామయ్య మందు వేసుకోనని భీష్మించుకు కూర్చున్నాడని, ఒంట్లో బాగానే ఉన్నవాడికి మందేమిటని అంటున్నాడని చెప్పింది. తర్వాతి ఆదివారం వచ్చినప్పుడు నేను అడగకముందే చెప్పింది. పన్నెండు రోజుల మందు మొదలుపెట్టాడట. మొదటి రాత్రే చలిజ్వరం వచ్చిందట. ఇంట్లోవాళ్లు హడలిపోతుంటే తాను కంగారుపడలేదని, పారాసెటమాల్ ఇచ్చి కూర్చోబెట్టానని, మూడో రోజుకు లేచి పనిలోకి వెళ్లాడని చెప్పింది.