వార్తల్లో పదం: ఫ్యామిలీ ఫస్ట్ చట్టం

అమెరికాలో 2018 ఫిబ్రవరిలో వచ్చిన ఈ చట్టం పూర్తి పేరు ‘ఫ్యామిలీ ఫస్ట్ ప్రివెన్షన్ సర్వీసెస్ యాక్ట్’. అంతకుముందు ఫెడరల్ నిధుల్లో ఎక్కువ భాగం పిల్లల్ని ఇంటి నుంచి తీసుకెళ్లి ఫోస్టర్ కేర్‌లో, అంటే వేరే కుటుంబాల సంరక్షణలో ఉంచాకే అందేది. ఈ చట్టంతో, ఆ పరిస్థితి రాకముందే తల్లిదండ్రులకు సాయం చేయడానికీ వీలు కలిగింది. పిల్లల పెంపకంలో శిక్షణ, మానసిక వైద్యం, మత్తు అలవాటుకు చికిత్స ఇందులో ఉన్నాయి. ఇందుకోసం రాష్ట్రాల శిశు సంక్షేమ శాఖలు ‘నర్స్-ఫ్యామిలీ పార్ట్‌నర్‌షిప్’, ‘పేరెంట్స్ యాజ్ టీచర్స్’ వంటి కార్యక్రమాలతో చేతులు కలుపుతాయి. నర్సులు, శిక్షకులు ఇళ్లకే వెళ్తారు. పరిశోధనల్లో మంచి ఫలితాలు చూపిన కార్యక్రమాలకే నిధులు; ఒక్కో విడత సాయం గరిష్ఠంగా 12 నెలలు. పేదరికాన్ని పిల్లల పట్ల నిర్లక్ష్యంగా లెక్కగట్టి బిడ్డను విడదీయడం కన్నా, ఆ ఇంటికి ఆసరాగా నిలవడమే న్యాయం.