కాపడం పెట్టబోయే ముందు

మా మేనత్తకు 76 ఏళ్ళు. పొద్దున్నే మంచం దిగాలంటే మోకాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. వావిలాకు వేసి కాచిన నీళ్ళలో తువ్వాలు ముంచి, గట్టిగా పిండి, మోకాళ్ళకు పావుగంట చుట్టి ఉంచితే తులసికోట చుట్టూ ప్రదక్షిణం చేసి రాగలదు. ఉప్పుమూట, ఇసుకమూట, ఆముదం రాసి వెచ్చజేసిన జిల్లేడాకు - ఇలా ఇంటికో పద్ధతి. వావిలాకు వాసన నాకిష్టమే గాని, అక్కడ పెద్దపని చేసేది వేడే. చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, కండరాల బిగువు సడలుతుంది, నొప్పి కాస్త మరుగున పడుతుంది. ఆ వేళ చూసుకుని కాలు పదిసార్లు చాపి ముడవాలి, నాలుగడుగులు వెయ్యాలి. కాపడం పెట్టించుకుని మళ్ళీ ముసుగుతన్ని పడుకుంటే కథ మొదటికి వస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక నేను చేసిన ఘనకార్యం వినండి.

ఒక మాఘమాసపు రాత్రి "పాదాలు మంచుగడ్డలైపోయాయిరా" అన్నది అత్తయ్య. రబ్బరు సంచీలో సలసల కాగే నీళ్ళు పోసి, ఆవిడ పాదాల కింద పెట్టి, దుప్పటి కప్పి వచ్చాను. తెల్లవారి చూస్తే మడమ మీద నిమ్మకాయంత బొబ్బ! "నాకేం తెలియలేదురా" అన్నదావిడ. నిజమే. 12 ఏళ్ళ మధుమేహం పాదాల నరాలను మొద్దుబార్చేసింది.

డాక్టరుగారు చీలమండ దగ్గర నాడి పట్టి చూసి, తరవాత నాకేసి చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. వేడెక్కిన కండకు మామూలుకంటే ఎక్కువ రక్తం కావాలి. కాళ్ళకు రక్తం తెచ్చే నాళాలు సన్నబడి ఉంటే అంత అందించలేవు. చల్లని పాదాలను చూసి మనం వేడి కావాలనుకుంటాం. వాటికి ముందు కావలసింది వైద్యుడి పరీక్ష, ఒక జత మేజోళ్ళు.

సలసల కాగనక్కరలేదు కూడా. 44 డిగ్రీల వేడైనా ఆరు గంటలు ఒకేచోట అంటిపెట్టుకుని ఉంటే చర్మం కాలుతుందని 1947లో మోరిట్జ్, హెన్రిక్వెస్ అనే అమెరికా పరిశోధకులు చూపించారు. 60 డిగ్రీలయితే కొద్ది సెకండ్లు చాలు. నా సంచి సంగతి వేరే చెప్పాలా!

ఎర్రగా వాచి, తాకితే వేడిగా ఉన్న మోకాలికి కాపడం పనికిరాదు. వేడినీళ్ళ స్నానం చేసిన పెద్దలు దిగ్గున లేవకూడదు. రక్తపుపోటు మాత్రలు వేసుకునేవారికైతే కళ్ళు తిరిగి పడే భయం మరీ ఎక్కువ.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్ళూ కట్టు మార్చిన చేతులు నావే. ఇప్పుడు కాపడం మోకాళ్ళకు మాత్రమే. అక్కడ స్పర్శ బాగానే ఉందని డాక్టరుగారు చూసి చెప్పారు. అదీ పగటిపూట, నేను మోచెయ్యి ముంచి చూశాకే. "ఇవేం నీళ్ళురా, చల్లారిపోయాయి" అని అత్తయ్య రోజూ సణుగుతుంది. సణగనీ.