అర మార్కు దూరంలో పతకం

మంగళగిరి చుట్టుపక్కల ఊళ్లలో ఎడ్ల బండలాగుడు పందెం ముగియగానే టేపు పట్టుకుని కొలుస్తారు. ఎన్ని అడుగులు లాగాయో అదే ఫలితం. గుర్రపు స్వారీలో డ్రస్సాజ్ అనే పోటీకి అలాంటి టేపు లేదు. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న బరిలో గుర్రం అడుగు వేసే తీరును జడ్జీలు కళ్లతోనే కొలవాలి.

ఆ కొలత ఎంత సన్ననిదో 2023 సెప్టెంబరు 26న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తెలిసింది. అనూష్ అగర్వాలా (71.088), హృదయ్ ఛేడా (69.941), దివ్యకృతి సింగ్ (68.176) స్కోర్లు కలిసి 209.205 అయ్యాయి. భారత జట్టుకు స్వర్ణం దక్కింది. నాలుగో సభ్యురాలు సుదీప్తి హజేలా. మెరుగైన మూడు స్కోర్లనే లెక్కిస్తారు. 204.882తో చైనా రజతం, 204.852తో హాంగ్‌కాంగ్ కాంస్యం అందుకున్నాయి.

రజతానికీ కాంస్యానికీ తేడా 0.030 శాతం. ఐదుగురు జడ్జీల దగ్గర తలా 340 చొప్పున మొత్తం 1700 మార్కులు. అందులో అర మార్కు 0.029 శాతం. అంటే ఒక్క జడ్జీ ఒక్క విన్యాసానికి 6.5 బదులు 7 వేసి ఉంటే హాంగ్‌కాంగ్ చైనా పక్కకు చేరేది!

ప్రతి విన్యాసానికీ 0 నుంచి 10 దాకా మార్కులుంటాయి. 10 అత్యుత్తమం, 5 బొటాబొటి, 0 అంటే అసలు చేయలేదని. కొన్నింటికి వచ్చిన మార్కును రెట్టింపు చేస్తారు. కాంటర్ పరుగులో వెనక కాళ్లు దాదాపు ఉన్నచోటే వేస్తూ తిరిగే పిరూయెట్ అలాంటిది. అక్కడ తడబడితే నష్టమూ రెట్టింపే.

ఒకే విన్యాసానికి ఒకరు 7, మరొకరు 6 వేస్తే పక్షపాతమని అనుమానించడం తొందరపాటు. ఎదురుగా కూర్చున్న జడ్జీకి గుర్రం తిన్నగా వస్తోందో లేదో బాగా తెలుస్తుంది. పక్కనున్న జడ్జీకి అడుగు ఎంత సాగిందో కనిపిస్తుంది. చోటును బట్టి చూపు మారుతుంది.

జడ్జీ గుర్రం మీద నుంచి చూపు తిప్పకుండా మార్కూ, కారణమూ చెబుతుంటే పక్కనున్న సహాయకుడు రాస్తాడు. అందుకే వ్యాఖ్యలు పొట్టివి: ‘ఆగినప్పుడు కాళ్లు సమంగా లేవు’, ‘వెన్ను బిగిసింది’, ‘ఊపు చాలదు’. రౌతుకు అసలు పాఠం ఇక్కడే ఉంది. వెన్ను బిగిసిందన్న మాట నాలుగైదు చోట్ల, ఇద్దరు ముగ్గురు జడ్జీల కాగితాల్లో కనిపిస్తే లోపం ఆ విన్యాసాల్లో లేనట్టే. గుర్రాన్ని సడలించే మొదటి మెట్టు కసరత్తుకే మళ్లీ వెళ్లాలి.

సంగీతానికి స్వారీ చేసే ఫ్రీస్టయిల్లో సాంకేతిక మార్కులతో పాటు కళాత్మకతకు వేరే మార్కులుంటాయి. సంగీతం ఎంపిక, విన్యాసాల కూర్పు అందులోకి వస్తాయి. జట్టు స్వర్ణం తర్వాత రెండు రోజులకు అనూష్ ఆ విభాగంలో 73.030 సాధించి వ్యక్తిగత కాంస్యం గెలిచాడు.