విండోస్ 10 అయిపోయింది.. లాప్‌టాప్ అయిపోలె

2025 అక్టోబర్ 14 నాడు విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ బంద్ పెట్టింది. అంటే తెల్లారేసరికి కంప్యూటర్ ఆగిపోయిందని కాదు. ఎప్పటి లెక్కనే ఆన్ అయితది, ఎప్పటి లెక్కనే నడుస్తది. కాకపోతే కొత్తగ బయటపడే లోపాలకు ఇగ మందు రాదు. ఇంటికి తాళం ఉంటది గానీ, ఆ తాళం ఎట్ల తీయాల్నో దొంగలు నేర్చుకున్నంక కూడా దాన్ని మార్చేటోడు ఉండడు. సొంతానికి వాడుకునేటోళ్లు పేరు నమోదు చేస్కుంటే ఇంకో ఏడాది అప్‌డేట్లు ఇస్తమన్నరు. అది కూడా 2026 అక్టోబర్ దాకనే.

మరి విండోస్ 11 ఎక్కించుకోవచ్చు కదా అంటే, అది ప్రతి మిషన్‌ని ఒప్పుకోదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలె, ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం నుంచి పైకి ఉండాలె. మన దగ్గర డిగ్రీ పిల్లలు సెకండ్ హ్యాండ్ల పదివేలకో పన్నెండువేలకో కొన్న లాప్‌టాప్‌లు నేను చూసినయి చాలామటుకు 4వ తరం, 5వ తరం, 6వ తరంవి. బాడీ గట్టిగుంటది, కీబోర్డ్ మంచిగుంటది, స్క్రీన్ ఏం కాలె. అయినా మైక్రోసాఫ్ట్ లెక్కల అది పాత సామాన్ల కిందికి పోయినట్టే.

షాపుకు పట్టుకపోతే రెండు మాటలే చెప్తరు. కొత్తది కొనుమంటరు, లేకుంటే ‘ఎట్లనో అట్ల 11 ఎక్కిస్త, మూడు నూర్లు ఇయ్యి’ అంటరు. ఆ ఎట్లనో అట్ల అన్నది మస్తుసార్లు క్రాక్. ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ బంద్ చేయమని అడుగుతది. అంటే తలుపు మనమే తీసి, లోపలికి రమ్మని పిలుస్తున్నమన్నట్టు. అదే మిషన్ల అమ్మ బ్యాంకు ఖాతా ఓపెన్ చేస్తం, అదే మిషన్ల స్కాలర్‌షిప్‌కు ఆధార్ అప్‌లోడ్ చేస్తం.

మూడో తొవ్వ ఒకటున్నది. దాని పేరు లైనక్స్. 1991ల ఫిన్లండ్‌ల లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ మొదలుపెట్టిండు, అప్పటిసంది లోకమంతా కలిసి రాస్తున్నరు. పైస ఇయ్యనక్కర లేదు, కాపీ చేసి దోస్తుకిచ్చినా తప్పు కాదు. అదేదో ఇంజనీర్లకే అని భయపడేటోళ్లకు ఒక ముచ్చట చెప్పాలె. మీ జేబుల ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ కూడా ఆ లైనక్స్ కెర్నల్ మీదనే నడుస్తున్నది. ఏండ్లసంది వాడుతనే ఉన్నరు, పేరే తెల్వదు.

‘ఏ లైనక్స్ మంచిది అన్నా?’ అని అడుగుతరు. నా లెక్కల అది రెండో ప్రశ్న. దానికి జవాబు కూడా ఒక్క ముక్కనే: కొత్తోళ్లకు లైనక్స్ మింట్, ర్యామ్ 4 జీబీనే ఉంటే దాంట్లనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం. మొదటి ప్రశ్న వేరే ఉన్నది. మీరు కంప్యూటర్‌ల ఏం పని చేస్తరు? వారం రోజులు ఒక కాగితం పక్కన పెట్టుకొని, ఓపెన్ చేసిన ప్రతి సాఫ్ట్‌వేర్ పేరు రాయండి. చాలామంది కాగితం మీద సగానికి ఎక్కువ బ్రౌజర్ల పనులే ఉంటయి. యూట్యూబ్, మెయిల్, ఉద్యోగాల అప్లికేషన్లు, హాల్ టికెట్లు, వాట్సాప్ వెబ్. ఇవి క్రోమ్‌ల అయినా, ఫైర్‌ఫాక్స్‌ల అయినా లైనక్స్ మీద అట్లనే నడుస్తయి. సినిమాలకు వీఎల్‌సీ ఉండనే ఉన్నది. పీడీఎఫ్ చూసేది సిస్టంతోనే వస్తది. వీటి మీద టైమ్ ఖరాబు చేయనక్కర లేదు.

వర్డ్, ఎక్సెల్ జాగల లిబ్రే ఆఫీస్ ఉంటది. మింట్‌ల ముందే ఎక్కించి ఇస్తరు. రెజ్యూమే, ప్రాజెక్ట్ రిపోర్ట్, మార్కుల పట్టిక, చీటీల లెక్క, ఇవన్నీ దీంట్ల ఐతయి. వర్డ్ ఫైల్ తెరుస్తే లైన్లు అటుఇటు జరిగినయని కొందరు అక్కడ్నే వాపస్ పోతరు. అది చాలామటుకు ఫాంట్ పంచాది. కాలిబ్రి ఫాంట్ మైక్రోసాఫ్ట్ సొత్తు కాబట్టి లైనక్స్‌ల ఉండదు. దాని కొలతలే ఉన్న కార్లిటో అనే ఉచిత ఫాంట్ ఉన్నది. కేంబ్రియాకు కాలడియా, టైమ్స్ న్యూ రోమన్‌కు లిబరేషన్ సెరిఫ్. ఇవి ఎక్కిస్తే పేజీ చాలావరకు సర్దుకుంటది. ఇంకొకళ్లకు పంపేటప్పుడు, వాళ్లు దిద్దేది లేకుంటే పీడీఎఫ్ చేసి పంపాలె. కానీ ఎక్సెల్‌ల పెద్ద పెద్ద మాక్రోలు నడిపేటోళ్లు, ఇంటర్వ్యూల ఎక్సెల్ మీదనే పరీక్ష ఉన్నోళ్లు మాత్రం ఎక్సెల్ ఇడిచిపెట్టొద్దు. ఉచిత సాఫ్ట్‌వేర్ మీద ప్రేమతోని ఉద్యోగం పోగొట్టుకోమని నేనెట్ల చెప్త?

ఫోటోషాప్‌కు బదులు గింప్, కోరల్ డ్రాకు బదులు ఇంక్‌స్కేప్, వీడియో ఎడిటింగ్‌కు కేడెన్‌లైవ్. పని ఐతది, కాకపోతే చెయ్యి తిరగాలె. ఫోటోషాప్‌ల కండ్లు మూసుకొని నొక్కే షార్ట్‌కట్లు ఇక్కడ వేరేగుంటయి, రెండు వారాలు చిరాకు వస్తది. పాస్‌పోర్ట్ ఫోటో కట్ చేసుడు, బ్యాక్‌గ్రౌండ్ మార్చుడు లాంటి పనికి బ్రౌజర్లనే నడిచే ఫోటోపీ ఉన్నది, అది చూస్తానికి అచ్చం ఫోటోషాప్ లెక్కనే ఉంటది. రోజుకు ఇరవై ఫ్లెక్సీలు కొట్టే సెంటర్ మాత్రం కోరల్ డ్రాను ఒక్కసారే పక్కకు పెడతమంటే గిరాకి పోతది.

ఇగ అసలు ముచ్చట తెలుగు. విండోస్ ఇడిచిపెడ్తమంటే మన తెలుగోళ్లకు అడ్డం పడేది ఫోటోషాప్ కాదు, వర్డ్ కాదు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్. మండలంల ఏ డీటీపీ సెంటర్‌కన్నా పోండి. పెండ్లి కార్డు, కరపత్రం, వార్షికోత్సవం పుస్తకం, దశదినకర్మ కార్డు అన్నీ పేజ్‌మేకర్ల అనుతోని కొట్టినయే ఎక్కువ. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001ల. దాని తర్వాత అడోబ్ ఇంకో వెర్షన్ తేలె, ఇన్‌డిజైన్ దిక్కు పోయింది. మనం మాత్రం ఆడనే ఉన్నం.

అను ఎట్ల పనిచేస్తదో తెలిస్తే చిక్కు ఏడున్నదో తెలుస్తది. కంప్యూటర్ల ప్రతి అక్షరానికి ఒక నంబర్ ఉంటది. మన ‘క’కు, ‘ఖ’కు సొంత నంబర్లు ఇంకా వాడకంలకు రాని కాలంల, ఇంగ్లిష్ అక్షరాల నంబర్లనే తీస్కొని, వాటి మీద తెలుగు బొమ్మలు అతికించిన్రు. ఒక నంబర్ మీద తలకట్టు, ఒకదాని మీద ఒత్తు, ఇంకోదాని మీద సగం అక్షరం. మన కండ్లకు ‘అమ్మ’ కనబడ్తది. కంప్యూటర్‌కు మాత్రం అవి అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులే. అందుకే అనుల కొట్టింది వాట్సాప్‌ల పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తయి. గూగుల్‌ల వెతికితే దొరకదు. ఫాంట్ లేని మిషన్ల తెరుస్తే చదవస్తలేదు. అప్పట్ల అదే గొప్ప పని, వాళ్లు లేకుంటే తెలుగు అచ్చు కంప్యూటర్ మీదికి అంత జల్ది వచ్చేది కాదు. కానీ తెలుగుకు సొంత నంబర్లు యూనికోడ్‌ల 1991లనే వచ్చినయి. అంటే లైనక్స్ పుట్టిన ఏడే.

లైనక్స్‌ల తెలుగు అంటే యూనికోడే. సెట్టింగ్స్‌ల కీబోర్డ్ లేఅవుట్ల కాడ తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి వచ్చేస్తది. వేరే పద్ధతి కావాల్నంటే ఐబస్, దానితోపాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీ ఎక్కించాలె. దాంట్ల ఆర్‌టీఎస్ ఉన్నది, అంటే ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడ్తది. యాపిల్ కీబోర్డ్ కూడా ఉన్నది. డీటీపీల యాపిల్ లేఅవుట్ మీద ఏండ్లు కూసున్నోళ్లకు ఇది పెద్ద ఆసరా. ఒకటి రెండు కీలు తేడా రావచ్చు గానీ వేళ్లు మళ్ల మొదట్నుంచి నేర్వనక్కర లేదు.

ఫాంట్లు లేవు, అందం రాదు అనే మాట పాతది. సిలికానాంధ్ర వాళ్లు ఇడిచిన రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, ఎన్‌టీఆర్, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌ల ఉచితంగ దొరుకుతయి. కార్డు మీద పేరుకు రామభద్ర పెట్టి చూడండి. పేజీలు దిద్దెతందుకు స్క్రైబస్ ఉన్నది. దాని పాత వెర్షన్లు తెలుగు ఒత్తులను పాడు చేసేటియి, 2024ల వచ్చిన 1.6 వెర్షన్ సక్కగ చూపిస్తది. అందుకే ఎక్కించేముందు వెర్షన్ నంబర్ చూస్కోవాలె.

పాత ఫైళ్లకు కష్టం తప్పదు. పేజ్‌మేకర్ ఫైల్‌ను లిబ్రే ఆఫీస్ కొంతవరకు తెరుస్తది, కానీ లోపలి అక్షరాలు అను గుర్తులే కాబట్టి చదవరాదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌ల ఉన్నయి. మార్చినంక ఒత్తులు, అంకెలు, కామాలు ఒకసారి చదివి దిద్దుకోవాలె. ఊరి చరిత్రనో, తాత రాసిన పద్యాలనో ఎవరన్నా పదిహేనేండ్ల కింద డీటీపీ చేయిస్తే, ఆ ఫైల్ ఇంకా సీడీల ఉంటే, విండోస్ మిషన్ నడుస్తున్నప్పుడే దాన్ని మార్చి పెట్టుకోండి. లైనక్స్‌కు వచ్చినా రాకున్నా ఈ పని మాత్రం చేయాల్సిందే. సాఫ్ట్‌వేర్‌కు బదులు ఇంకోటి దొరుకుతది, చదవరాని ఫైల్‌కు దొరకదు.

లైనక్స్‌కు రాని పనులు కూడా చెప్పాలె. ట్యాలీ విండోస్‌దే. టెండర్లకు వాడే డిజిటల్ సంతకం టోకెన్‌కు డ్రైవర్ దొరికినా, పోర్టల్ అడిగే సంతకం సాఫ్ట్‌వేర్ చాలాసార్లు విండోస్‌కే ఉంటది. వేలిముద్ర మిషన్లది కూడా గట్లనే. సర్వీస్ సెంటర్ నడిపేటోళ్లు ఆ ఒక్క మిషన్‌ను అసలు విండోస్ మీదనే ఉంచుకోవాలె. జెరాక్స్ సెంటర్లల్ల బాగ కనబడే క్యానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ లైనక్స్‌తోని మస్తు సతాయిస్తది, హెచ్‌పీ ప్రింటర్లు ఎక్కువశాతం పెట్టంగనే పనిచేస్తయి. ఆటలాడే తమ్ముళ్లకు: స్టీమ్‌ల ఆటలు చాలా నడుస్తయి, వాలరెంట్ నడవదు, బ్లూస్టాక్స్ రాదు.

కేరళల సర్కారు బడి పిల్లలు కంప్యూటర్ పాఠం లైనక్స్ మీదనే నేర్చుకుంటరు. ఐటీ ఎట్ స్కూల్ అని మొదలై, ఇప్పుడు కైట్ అనే సంస్థ నడుపుతున్నది. అక్కడి పదో తరగతి పిల్లకు ఇంక్‌స్కేప్, గింప్ కొత్త పేర్లు కావు. మన హైదరాబాద్‌ల స్వేచ్ఛ సంస్థ తెలుగుల కనబడే లైనక్స్‌నే తయారు చేసింది, కాలేజీలల్ల క్యాంపులు పెడ్తది. అయినా మన ల్యాబులల్ల లెటర్ రాసుడు నేర్పరు, ‘ఎంఎస్ వర్డ్’ నేర్పుతరు. మోటర్ సైకిల్ నేర్పమంటే ఒక్క కంపెనీ బండే నేర్పినట్టు. ఆ బండి ధర పెరిగిన్నాడు మనకు నడిచిపోవుడే గతి.

చూడాలనిపిస్తే ఏదీ తీసేయకుండనే చూడొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద వెంటాయ్ ఎక్కించి, మింట్ ఐఎస్‌ఓ ఫైల్ దాంట్ల కాపీ చేయాలె. ఆ ఫైల్ దాదాపు మూడు జీబీ ఉంటది, కాలేజీ వైఫైల దించుకోండి. పెన్‌డ్రైవ్ పెట్టి, స్టార్ట్ అయ్యేటప్పుడు బూట్ మెనూల దాన్ని ఎంచుకుంటే లైనక్స్ పెన్‌డ్రైవ్ మీద నుంచే నడుస్తది, హార్డ్‌డిస్క్‌ను ముట్టదు. అప్పుడే వైఫై, సౌండ్, కెమెరా, బ్రైట్‌నెస్, ప్రింటర్ ఒక్కొక్కటి చూస్కోవాలె. వైఫై దొరకకుంటే ఫికర్ వద్దు. ఫోన్‌ను కేబుల్‌తోని కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తది. ఎక్కించినంక గూడ గట్లనే కలిపి డ్రైవర్ మేనేజర్ తెరుస్తే, కావాల్సిన వైఫై డ్రైవర్ చాలావరకు అదే చూపిస్తది.

అన్నీ మంచిగనిపిస్తేనే ఎక్కించాలె. దానికి ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు వేరే డ్రైవ్‌ల కాపీ తీస్కోవాలె, డబ్బాల ఒక్క కాపీ ఉంటే అది కాపీ కాదు. బిట్‌లాకర్ ఆన్ ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోవాలె. విండోస్ పక్కన్నే లైనక్స్ పెట్టుకునే వీలు కూడా ఉన్నది, కొత్తోళ్లకు అదే నయం. లాప్‌టాప్‌ల ఇంకా పాత తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే, అది తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఏ సిస్టం ఎక్కించినా తేడా అప్పుడే కనబడ్తది. మింట్ 22కు 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తయి, ఆ తర్వాత కొత్త మింట్‌కు మారెతందుకు కూడా రూపాయి అడగరు.