కాలేజీయా, కలంకారీయా?

ఎండాకాలంలో పరీక్షల ఫలితాలు వస్తాయి. పిల్లలను ఇకపైన ఏం చదివించాలి అని ప్రతి ఇంట్లో ఆలోచన మొదలవుతుంది.

కొందరు పిల్లల చేతిలో కళ ఉంటుంది. ఒకరు బాగా పాడతారు. ఒకరు బొమ్మలు బాగా గీస్తారు. అలాంటి పిల్ల ఒక రోజు, "నేను కాలేజీకి పోను. బొమ్మలు వేసుకుని బతుకుతాను" అంటుంది. "బొమ్మలు కూడు పెడతాయా?" అని తండ్రి కోప్పడతాడు. "డిగ్రీ చదివిన వాళ్లందరికీ ఉద్యోగాలు వచ్చాయా?" అని పిల్ల ఎదురు అడుగుతుంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. మధ్యలో నలిగేది తల్లి.

ఈ విషయం వివరంగా తెలుసుకుందాం. శ్రీకాళహస్తి కలంకారీని ఉదాహరణగా తీసుకుందాం.

కలంకారీ అంటే ఏమిటి?

కలంతో గుడ్డ మీద బొమ్మలు వేయడమే కలంకారీ. ఈ కలం వెదురుపుల్లతో చేసింది. పుల్లకు ఒక చివర గుడ్డ గానీ ఉన్ని గానీ చుట్టి, దారంతో కడతారు. రంగులో ముంచి, చుట్టిన చోట మెల్లగా నొక్కుతూ గీస్తారు.

ముందుగా నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. అలా చేస్తే రంగు పాకిపోదు. తరువాత చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో కొన్ని రోజులు నానబెడితే నల్లరంగు వస్తుంది. దీన్ని కసిమి అంటారు. ఈ నల్లరంగుతో గీతలు దిద్దుతారు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. నీలిమందుతో నీలం వస్తుంది. మధ్యమధ్యలో గుడ్డను పారే నీటిలో ఉతుకుతారు. రామాయణం, భారతం కథలు ఇలా గుడ్డ మీదికి వస్తాయి.

ఒకప్పుడు ఈ కళ అంతరించిపోయే స్థితికి వచ్చింది. కమలాదేవి చట్టోపాధ్యాయ అనే ఆమె దేశంలో చేతిపనులను బతికించడానికి పాటుపడింది. ఆమె ప్రోత్సాహంతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడి నుంచి కళ మళ్లీ నిలదొక్కుకుంది. ఇప్పుడు ఆడవాళ్లు కూడా చాలామంది ఈ పని చేస్తున్నారు.

గీత గీసే చెయ్యి, రంగు నింపే చెయ్యి

"కలంకారీ పనికి పోతాను" అని పిల్ల అంటే తల్లి ఒక ప్రశ్న అడగాలి. ఏ పని నేర్పుతారు? గీత గీయడమా, రంగు నింపడమా?

ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఒకరు బొమ్మ గీసి ఇస్తారు. మిగతావాళ్లు అందులో రంగులు నింపుతారు. రంగు నింపడం కొద్ది నెలల్లో వస్తుంది. కాబట్టి దానికి కూలి తక్కువ. గీత రావడానికి ఏళ్లు పడుతుంది. కథ తెలియాలి. ఏ దేవుడికి ఏ గుర్తులో తెలియాలి. రంగులు తయారు చేయడం రావాలి. ఇవన్నీ వచ్చినవాళ్లే సొంతంగా పని పట్టగలరు. వాళ్లనే కళాకారులు అంటారు.

చదువు మాని, గీత నేర్చుకోకుండా, ఏళ్ల తరబడి రంగులే నింపుతూ ఉంటే ఏమవుతుంది? చదువూ ఉండదు, కళా ఉండదు. రోజు కూలి మాత్రం ఉంటుంది. కూలి చేయడం తప్పు కాదు. కానీ కళ అనుకుని వెళ్లి కూలిలో చిక్కుకోకూడదు.

ఆదాయం లెక్క కూడా చూడాలి. ఒక పట వేశారు అనుకుందాం. గుడ్డకు, రంగులకు 500 రూపాయలు అయ్యాయి. 10 రోజులు పట్టింది. 4,000 రూపాయలకు అమ్మారు. ఖర్చు పోను 3,500 మిగిలింది. రోజుకు 350 పడింది. కానీ ఆ పట రెండు నెలలు అమ్ముడుపోలేదు అనుకోండి. ఆ రెండు నెలలు ఇల్లు ఎలా గడుస్తుంది? కళలో బతికేవాళ్లకు డబ్బు నెలనెలా ఒకే తీరుగా రాదు. ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

కాలేజీ ఏమి ఇస్తుంది?

కాలేజీకి పోతే ఉద్యోగం తప్పకుండా వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అయినా చాలా ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టాలంటేనే డిగ్రీ ఉండాలి. అది లేకపోతే ఆ తలుపు దగ్గరికే పోలేం.

చదువు కళకు కూడా పనికి వస్తుంది. బిల్లు రాయాలి. బ్యాంకులో లెక్క చూసుకోవాలి. బయటి రాష్ట్రం వాళ్లతో మాట్లాడాలి. ఫోనులో బొమ్మలు చూపించి అమ్మాలి. ఇవి రానప్పుడు మధ్యవర్తి చెప్పిందే ధర అవుతుంది. సంతకం పెట్టే కాగితంలో ఏముందో తెలియకపోతే ఎంత నష్టమో చదువు నేర్చుకున్న ప్రతి తల్లికీ తెలుసు.

ఆడపిల్లకు ఇంకో చిక్కు ఉంది. చదువు మానేసి ఇంట్లో ఉంటే చాలు, పెళ్లి మాటలు మొదలవుతాయి. 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం చట్టప్రకారం నేరం. కాబట్టి "బొమ్మలు వేసుకుంటుందిలే" అని చదువు మాన్పించి, ఆ తరువాత బొమ్మలు కూడా మాన్పించి పెళ్లి చేయడం పెద్ద అన్యాయం.

కళ నేర్పే కాలేజీలు ఉన్నాయి

ఈ సంగతి చాలామందికి తెలియదు. కాలేజీ అంటే లెక్కలు, సైన్సు మాత్రమే అనుకుంటారు. కళను కూడా కాలేజీలో చదవవచ్చు.

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ల శిల్ప శిక్షణ సంస్థ ఉంది. పదో తరగతి పాసైన వాళ్లు అందులో చేరవచ్చు. శిల్పాలు చెక్కడం, బొమ్మలు వేయడం నేర్పుతారు. కలంకారీ కూడా నేర్పుతారు.

ఇంటర్ పాసైన వాళ్లకు బి.ఎఫ్.ఏ. అనే చదువు ఉంది. ఇది బొమ్మలు వేయడం, శిల్పం వంటి కళల్లో నాలుగేళ్ల డిగ్రీ. హైదరాబాదులో 1940లో మొదలైన లలిత కళల కాలేజీ ఉంది. 2008 నుంచి అది జవహర్‌లాల్ నెహ్రూ పేరుతో ఉన్న కళల విశ్వవిద్యాలయంలో భాగం. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కూడా బి.ఎఫ్.ఏ. ఉంది. హైదరాబాదు కాలేజీలో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్షలో బొమ్మలు గీయించి చూస్తారు.

ఇవి కాక ప్రభుత్వం డ్రాయింగులో లోయర్, హయ్యర్ అని రెండు పరీక్షలు పెడుతుంది. ఇవి పాసై, టి.టి.సి. శిక్షణ పొందితే బడిలో డ్రాయింగ్ టీచర్ పనికి అర్హత వస్తుంది. పోస్టులు తక్కువే. అయినా అర్హత కాగితం చేతిలో ఉండడం మంచిది.

రెండూ కలిపి నడపవచ్చా?

నడపవచ్చు. అలా నడిపిన వాళ్లు ఉన్నారు. శ్రీకాళహస్తిలో జొన్నలగడ్డ గురప్పశెట్టి అనే కలంకారీ కళాకారుడు తండ్రి దగ్గర ఈ పని నేర్చుకున్నారు. చదువుకుని బడిపంతులుగా కూడా పనిచేశారు. కలం మాత్రం వదలలేదు. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

కాలేజీకి రోజూ పోలేని వాళ్లకు వేరే దారి ఉంది. ఓపెన్ స్కూలులో పదో తరగతి, ఇంటర్ చదవవచ్చు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంటి దగ్గర ఉండే డిగ్రీ చదవవచ్చు. పగలు కలం పడితే రాత్రి పుస్తకం పట్టుకోవచ్చు.

ఇది సులభం అని చెప్పడం లేదు. కళకు రోజూ సాధన కావాలి. చదువుకూ సమయం కావాలి. ఇంట్లో నీళ్లు మోయడం, గిన్నెలు తోమడం, తమ్ముళ్లను చూడడం అన్నీ ఆ పిల్ల మీదే వేస్తే రెండూ చెడతాయి. ఇంటి పని మగపిల్లలు కూడా పంచుకోవాలి.

నిర్ణయానికి ముందు చేయాల్సినవి

1. పిల్లను కూర్చోబెట్టి అడగాలి. కళ మీద ఇష్టంతో చదువు వద్దంటోందా? లెక్కలకు, ఇంగ్లీషుకు భయపడి వద్దంటోందా? భయమైతే దానికి మందు వేరే ఉంది.

2. ఆ పనిలో బతికే ఇద్దరు ముగ్గురిని కలవాలి. నెలకు ఎంత వస్తుంది? పని లేని నెలలు ఎన్ని? అని అడగాలి. వాళ్లలో ఆడవాళ్లు ఒకరైనా ఉండాలి.

3. నేర్పే చోటు చూడాలి. గీత నేర్పుతారా? ఎన్నేళ్లు నేర్పుతారు? కూలి ఇస్తారా? పిల్లకు అక్కడ భద్రత ఉందా?

4. కాలేజీలో ఫీజు ఎంత, హాస్టల్ ఉందా, ప్రభుత్వ సాయం వస్తుందా అని కనుక్కోవాలి. ఆఖరు తేదీ రాసి పెట్టుకోవాలి. తేదీ దాటితే ఏడాది పోతుంది.

5. మార్కుల కాగితం, టి.సి. జాగ్రత్తగా దాచాలి. వాటిని ఎవరి దగ్గరా తాకట్టుగా ఉంచకూడదు.

6. పిల్ల సంపాదన పిల్ల పేరున బ్యాంకులో వేయాలి. చేతిపనివాళ్లకు కేంద్ర ప్రభుత్వం గుర్తింపు కార్డు ఇస్తుంది. దానికి దరఖాస్తు పెట్టాలి.

పదహారేళ్ల వయసులో ఒక తలుపు తెరవడానికి ఇంకో తలుపుకు మేకులు కొట్టనక్కరలేదు. చదువు ఒక ఏడాది ఆగితే మళ్లీ అందుకోవచ్చు. చెయ్యి కొన్నాళ్లు ఆగితే మళ్లీ సాధన చేయవచ్చు. పిల్లను అడగకుండా, ఏమీ కనుక్కోకుండా పెద్దలు చేసే నిర్ణయమే నష్టం తెస్తుంది. దరఖాస్తు కాగితం ఇంటికి వచ్చినప్పుడు తల్లి దాన్ని తానే చదవాలి. అర్థం కానిది అడగాలి. ఆ తరువాతే సంతకం పెట్టాలి.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్లో ఏ చేతిపనులు ఉన్నాయి? ఆడవాళ్లకు అందులో ఏ పని ఇస్తారు?

2. గీత గీసేవాళ్లకు, రంగు నింపేవాళ్లకు కూలిలో తేడా ఎందుకు ఉంది?

3. మీ ఇంట్లో పిల్ల "కాలేజీ వద్దు" అంటే మీరు మొదట ఏమి అడుగుతారు? రెండు వాక్యాలు రాయండి.